ముప్పై దాటాక వచ్చే మొటిమలకు చవకైన మందులు

మొటిమలు తగ్గట్లేదని ఫేషియల్స్‌కి వేలు పోసే ముందు, ప్రభుత్వ ఆసుపత్రి స్కిన్ ఓపీలో ఒకసారి చూపించుకోండి. వాళ్లు ఎక్కువగా రాసేవి అడాపలీన్ 0.1 శాతం జెల్, బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. జన్ ఔషధి లాంటి జెనరిక్ షాపుల్లో మందు పేరు చెప్పి అడగండి, బ్రాండు కన్నా తక్కువకు వస్తాయి.

అడాపలీన్ రాసే పద్ధతే అసలు సంగతి. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, శనగగింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలి. మొటిమ మీద చుక్క పెడితే లాభం లేదు, ఇది కొత్తవి రాకుండా ఆపే మందు. కళ్ల చుట్టూ, పెదవుల అంచున, ముక్కు పక్క మడతల్లో వద్దు. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. పొట్టు లేస్తుంది, కాస్త మండుతుంది, మొటిమలు పెరిగినట్టు కూడా అనిపించొచ్చు. టెన్షన్ పడి మానేయకండి, తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. బెంజోయిల్ పెరాక్సైడ్ తగిలితే టవల్, దిండు గలీబు రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడండి.

గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు. దవడ దగ్గరే మొటిమలు వస్తూ నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) గురించి డాక్టర్‌ని అడగండి.

ఎవరైనా ఇచ్చిన ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే మొటిమలకు దయచేసి రాయకండి. అవి స్టెరాయిడ్లు. కొన్నాళ్లు ముఖం నున్నగా కనిపిస్తుంది, ఆపగానే మొటిమలు తిరగబెడతాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఆ ట్యూబు డాక్టర్‌కి చూపించి, ఎలా మానాలో అడగండి.