ఒంటి మీద పడే కిరణాలు – 4వ పాఠం: వేడి లెక్క వేరు, దెబ్బ లెక్క వేరు

పోయిన పాఠం చివర చిన్న పని ఇచ్చాను. రెండు వేల వాట్ల రూమ్ హీటర్, మైక్రోవేవ్ ఓవెన్, సెల్‌ఫోన్, మధ్యాహ్నపు ఎండ, ఛాతీ ఎక్స్‌రే. ఈ ఐదింటినీ ఒక్కో ఫోటాన్‌కి (కిరణంలో వచ్చే ఒక్కో శక్తి పొట్లానికి) ఉన్న శక్తిని బట్టి వరసలో పెట్టమన్నాను. చాలామంది ఓవెన్‌ని అన్నిటికంటే పైన పెట్టారు. ఎందుకయ్యా అంటే, అన్నం రెండు నిమిషాల్లో పొగలు కక్కుతుంది కదా అని జవాబు. ఆ తర్వాత హీటర్. ఎక్స్‌రే అట్టడుగున, ఎందుకంటే "తీస్తున్నప్పుడు ఏమీ తెలీదు సార్".

అందుకని ఈ వారం చెప్పాల్సిన చర్మం పొరల పాఠం వాయిదా. ముందు ఈ చిక్కుముడి విప్పుకుందాం.

ఫోటాన్ శక్తిని లెక్కగట్టే సూత్రం మళ్ళీ చెప్పను, అది పాత పాఠంలో ఉంది. నేను మాత్రం రెండే అంకెలు గుర్తుపెట్టుకుంటాను. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఉంటే 1240ని దానితో భాగించండి, ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత) వస్తుంది. పౌనఃపున్యం గిగాహెర్ట్జ్‌లో ఇస్తే 4తో గుణించండి, ఎలక్ట్రాన్ వోల్టులో పదిలక్షో వంతుల్లో జవాబు వస్తుంది. పుస్తకాల్లో ఉండే రంగురంగుల వర్ణపటం బొమ్మ నాకెప్పుడూ ఎక్కలేదు. భాగహారమే నయం.

ఇప్పుడు చూడండి. ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్, అంటే ఫోటాన్‌కి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. ఎండలో మనల్ని మాడ్చే 300 నానోమీటర్ల అతినీలలోహిత కిరణానికి 4 పైచిలుకు. ఆసుపత్రి ఎక్స్‌రేకి పదుల వేలు. ఒక అణువులోంచి ఎలక్ట్రాన్‌ని ఊడబీకాలంటే సుమారు 10 నుంచి 12 కావాలి. అంటే ఓవెన్ ఫోటాన్ ఆ గడప దరిదాపుల్లో కూడా లేదు.

"కానీ ఓవెన్‌లో కోట్లకు కోట్ల ఫోటాన్లు ఉంటాయి కదా?" ఉంటాయి. మామిడికాయని వడిసెల రాయితో కొడితే ఒక్క దెబ్బకి రాలుతుంది. అదే కాయ మీద బస్తాల కొద్దీ పూలరేకులు విసరండి, తొడిమ తెగదు. ఫోటాన్లు మామూలుగా చందాలు వేసుకుని ఒక అణువుని విరగ్గొట్టవు. వచ్చిన ఒక్కొక్కటీ తన దగ్గరున్న శక్తితోనే పని చెయ్యాలి. చిన్న ఫోటాన్లన్నీ కలిసి చేసేది వేడి మాత్రమే.

ఇక నాకు చిరాకు తెప్పించే అసలు పొరపాటు ఇది: "వేడి తగల్లేదు, కాబట్టి ఏమీ కాలేదు."

లెక్క వేద్దాం. ఒళ్ళంతటికీ ఒకేసారి 4 గ్రేల గామా కిరణాలు తగిలి, వైద్యం అందకపోతే, దాదాపు సగం మంది రెండు నెలల్లోపు పోతారు. ఒక గ్రే అంటే కిలోకి ఒక జౌల్. 70 కిలోల మనిషికి మొత్తం 280 జౌళ్ళు. దానివల్ల ఒంటి వేడి ఎంత పెరుగుతుంది? డిగ్రీలో వెయ్యో వంతు. మీరు పొద్దున తాగిన టీలో ఒక్క చెంచా అంతకంటే ఎక్కువ వేడి ఇస్తుంది. చంపేంత మోతాదుని థర్మామీటర్ పట్టుకోలేదు.

మరి చంపేది ఏమిటి? ఆ కొద్దిపాటి శక్తీ పూలరేకుల్లా పరుచుకోదు, రాళ్ళలా పడుతుంది. ఒక గామా ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ని తన్నితే, అది దారిపొడవునా వేల అణువుల్ని చీలుస్తూ పోతుంది. కణంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ నీరు చీలి, దొరికినదాన్నల్లా కరిచే హైడ్రాక్సిల్ ముక్కలు పుడతాయి. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒకటి తెగితే కణం సరిచేసుకుంటుంది. రెండూ దగ్గర దగ్గరగా తెగితే అతుకు తప్పుగా పడొచ్చు, లేదా అసలు పడకపోవచ్చు. ఆ సంగతి కణం విభజన చెందబోయినప్పుడు బయటపడుతుంది. అందుకే ఎప్పుడూ విభజన జరిగే చోట్లు, అంటే ఎముక మజ్జ, పేగు లోపలి పొర, వెంట్రుకల కుదుళ్ళు ముందు దెబ్బతింటాయి. అందుకే అసలు బాధ చాలావరకు కిరణాలు తగిలిన రోజున కాక రోజులు, వారాలు గడిచాక మొదలవుతుంది.

2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో జరిగింది ఇదే. తుక్కులోకి వచ్చిన ఒక పరికరంలో గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఉంది. అదేమిటో తెలియకుండానే విప్పి కోశారు. కొందరికి ఒళ్ళు నల్లబడింది, జుట్టు రాలింది. ఒకరు చనిపోయారు.

ఇది చదివి ఎక్స్‌రే అంటే టెన్షన్ పెట్టుకోకండి. కిరణాల వల్ల ఒంటికి కలిగే ముప్పుని సీవర్టుల్లో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ అందుతుంది. పొట్ట సీటీ స్కాన్ మాత్రం 10 దాకా పోవచ్చు. అవసరమైతే తీయించుకోండి, ఊరికే తీయమని డాక్టర్ని పీడించకండి.

రెండో రకం జవాబులు కూడా వచ్చాయి. "ఎలక్ట్రాన్ వోల్టులు తక్కువ కాబట్టి మైక్రోవేవ్ పూర్తిగా సేఫ్." ఇదీ తప్పే. వేడి కూడా కణాన్ని ఉడికిస్తుంది. రక్తప్రవాహం ఉన్న చోట వేడి కొట్టుకుపోతుంది. కంటి కటకానికి రక్తనాళాలే లేవు, అందుకే గట్టి మైక్రోవేవ్‌కి అది తొందరగా లొంగుతుంది. ఓవెన్ తలుపు తీస్తే ఆగిపోయేలా పెట్టింది ఇందుకే. ఫోన్ల విషయంలో మన దేశపు పరిమితి, ఒక గ్రాము కండకి సగటున చూస్తే, కిలోకి 1.6 వాట్లు. అది వేడిని అడ్డుకోవడానికి పెట్టిన గీత.

ఈ రెంటికీ మధ్యలో ఎండ ఉంది. నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులతో ఎలక్ట్రాన్ ఊడదు, కానీ డీఎన్‌ఏ ఆ ఫోటాన్‌ని మింగి తనలో పక్కపక్కనున్న రెండు థైమిన్లని (డీఎన్‌ఏ రాతలోని ఒక రకం అక్షరాలు) అంటించేసుకుంటుంది. చర్మ క్యాన్సర్‌కి దారి అక్కడ పడుతుంది. "అయనీకరణం (ఎలక్ట్రాన్ ఊడటం) లేదు, భయం లేదు" అనే వాక్యాన్ని నేను మార్కులు కోసేసే వాక్యాల్లో చేర్చాను.

నా సొంత తెలివితక్కువ ఒకటి చెప్పుకోవాలి. మా ఇంటి గేటుకి వెల్డింగ్ చేస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని గంటసేపు చూశాను. చల్లటి సాయంత్రం, ముఖానికి వేడే తగల్లేదు. అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టయి లేచాను. వెల్డింగ్ మెరుపులోని అతినీలలోహితం కంటి పైపొరని కాల్చింది. అది తెలియడానికి గంటలు పడుతుంది.

కిరణాలు ఒంట్లోకి ఎంత లోతు పోతాయన్నదాని గురించి ఒక్కమాట. శక్తి పెరిగితే లోతు పెరుగుతుందనుకోకండి. రాత్రి దీపం ఆర్పి ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టండి. ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు దాటి వస్తోంది, అంతకంటే శక్తి ఉన్న నీలం లోపలే ఆగిపోతోంది. మిగతాది చర్మం పాఠంలో.

అభ్యాసం, ఈసారి బరువైనదే. టీవీ రిమోట్ (940 నానోమీటర్లు), పచ్చకామెర్లు వచ్చిన పసిపిల్లల్ని పెట్టే నీలి లైట్లు (460), నీళ్ళ ప్యూరిఫైయర్‌లోని యూవీ ట్యూబు (254), 26 గిగాహెర్ట్జ్ 5జీ, సీటీ స్కాన్. ఒక్కోదానికీ నాలుగు గళ్ళు నింపండి: ఫోటాన్ శక్తి, ఒంట్లో ఎక్కడ ఆగుతుంది, చేసే పని వేడా రసాయనమా చీల్చడమా, ముందు దెబ్బతినే చోటు. నీలి లైటు దగ్గర జాగ్రత్త: అక్కడ వెలుగుని మింగేది డీఎన్‌ఏ కాదు, కామెర్లలో ఒంటిని పచ్చగా చేసే బిలిరుబిన్. పిల్లల కళ్ళకి గంతలెందుకు కడతారో కూడా రాయండి.

మిగిలింది ఒక్క ప్రశ్న. ప్యూరిఫైయర్ ట్యూబుని క్వార్ట్జ్‌తో కాకుండా మామూలు కిటికీ గాజుతో చేస్తే, నీళ్ళలో క్రిములకి ఏమవుతుంది? వాట్లు మాత్రం మార్చకూడదు.