శుక్రవారం లెక్క: బ్రిటన్ సింగిల్స్ చార్టులో అగ్రస్థానాన్ని అంచనా వేయడం
మూడో పాఠం: నిండు రేటు, సగం రేటు

గత పాఠం చివర, వచ్చే శుక్రవారం బ్రిటన్ సింగిల్స్ చార్టులో, అంటే విడి పాటల వారపు జాబితాలో, మొదటి స్థానానికి రాగలరనిపించిన ఐదుగురు కళాకారుల పేర్లు రాసుకోమని అడిగాను. ఆ జాబితాను ఒకసారి ముందు పెట్టుకోండి. కొత్తగా నేర్చుకునేవారి జాబితాల్లో సాధారణంగా పేరు ప్రతిష్ఠల వరుసే కనిపిస్తుంది. ఎవరికి ఎక్కువమంది అభిమానులున్నారో వారు పైన, తక్కువమంది ఉన్నవారు కింద ఉంటారు. కానీ కళాకారుడి స్థాయి ఎంతటిదన్న ప్రశ్న చార్టుకు అక్కరలేదు. శుక్రవారం మొదలై గురువారంతో ముగిసే ఏడు రోజుల్లో ఏ పాట ఎన్ని యూనిట్లు (ఒక అమ్మకం, లేదా దానికి సమానమైన ఆన్‌లైన్ వినికిడి, ఒక యూనిట్) కూడగట్టిందన్నదే దానికి కావాలి. ఆ యూనిట్లు ఎలా పుడతాయో తెలిస్తే మీ జాబితా వరుస దానంతట అదే మారుతుంది.

1952 నవంబరు 14న న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక, కొన్ని రికార్డు దుకాణాలకు ఫోన్ చేసి అడిగిన వివరాలతో మొదటి చార్టును ప్రచురించింది. అందులో అల్ మార్టినో మొదటి స్థానంలో నిలిచాడు. అప్పటి లెక్క తేలిక: ఒక రికార్డు అమ్ముడుపోతే ఒక అంకె పెరిగేది. 2014 జూలైలో స్ట్రీములను, అంటే కొనకుండా ఆన్‌లైన్‌లో వినడాన్ని కూడా, లెక్కలోకి తీసుకోవడంతో మారకపు రేటు అవసరమైంది. 2018 జూలైలో అమలుకు వచ్చిన లెక్క ప్రకారం, నెలనెలా చందా కట్టేవారు వినే 100 స్ట్రీములు ఒక అమ్మకంతో సమానం. ప్రకటనలు భరిస్తూ ఉచితంగా వినేవారి విషయంలో ఒక అమ్మకానికి 600 స్ట్రీములు కావాలి. అంటే ఒకే పాటను ఒకే రోజు విన్న ఇద్దరిలో ఒకరి వినికిడికి మరొకరి వినికిడి కంటే ఆరు రెట్ల విలువ ఉంటుంది. యూట్యూబ్ వ్యూస్ చూసి గెలుపోటములు తేల్చే అలవాటు మనవాళ్లలో ఎక్కువ కాబట్టి ఈ తేడాను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

2017 మార్చిలో ఎడ్ షీరన్ కొత్త ఆల్బమ్ వెలువడిన వారం, మొదటి ఇరవై స్థానాల్లో పదహారు ఆయన పాటలే ఉన్నాయి. దాని పర్యవసానంగా అదే ఏడాది జూలై నుంచి రెండు నియమాలు వచ్చాయి. మొదటిది, ప్రధాన గాయకుడిగా ఒక కళాకారుడివి మూడు పాటలకు మించి చార్టులో ఉండకూడదన్నది. పెద్ద ఆల్బమ్ వచ్చిన వారంలో ఏ మూడు పాటలు నిలుస్తాయో తేల్చుకుంటే చాలునన్నమాట. దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. రెండో నియమమే ఈ పాఠానికి ప్రాణం.

ఒక పాట చార్టులో సుమారు పది వారాలు గడిపిన తరువాత, మొత్తం మార్కెట్ కదలికతో పోల్చినప్పుడు వరుసగా మూడు వారాలు వెనకబడితే, దాని స్ట్రీముల విలువను సగానికి తగ్గిస్తారు. అప్పుడు చందాదారుల స్ట్రీములు 200కు ఒకటి, ఉచిత స్ట్రీములు 1,200కు ఒకటి చొప్పున లెక్కకు వస్తాయి. చార్టును తయారుచేసే అఫీషియల్ చార్ట్స్ కంపెనీ దీన్ని ఏసీఆర్ (యాక్సిలరేటెడ్ చార్ట్ రేషియో) అంటుంది. మనం సగం రేటు అందాం. ముందు చెప్పిన 100కు ఒకటి, 600కు ఒకటి లెక్కను నిండు రేటు అందాం. పాత పాటలైతే మొదటి నుంచీ సగం రేటులోనే ఉంటాయి. కొత్త పాటలకు చోటు దొరకాలన్నది ఈ నియమం ఉద్దేశం. వినేవారి ఇష్టాన్ని ఉన్నదున్నట్టు చూపవలసిన చార్టు ఇలా చేయడం సబబేనా అన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది. అయితే అంచనా వేసేవాడికి నియమం తెలియడం ముఖ్యం, నచ్చడం కాదు.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చేద్దాం. ‘క’ అనే కొత్త పాటకు ఒక వారంలో 40 లక్షల చందా స్ట్రీములు, 6 లక్షల ఉచిత స్ట్రీములు, 3,000 డౌన్‌లోడ్లు వచ్చాయి. 40,000కు 1,000, ఆపైన 3,000 కలిపితే 44,000 యూనిట్లు. సగం రేటులో పడిన ‘ఖ’ అనే పాటకు 52 లక్షల చందా స్ట్రీములు, 12 లక్షల ఉచిత స్ట్రీములు, 1,000 డౌన్‌లోడ్లు వచ్చాయి. 26,000కు 1,000, మళ్లీ 1,000 కలిపితే 28,000 యూనిట్లే. నిండు రేటులో ఉంటే ఇదే పాటకు 55,000 దక్కేవి. ఎక్కువమంది విన్న పాట ఓడిపోయింది. అదీ స్వల్ప తేడాతో కాదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదని చూపడానికి 2022 జూన్ చక్కని ఉదాహరణ. కేట్ బుష్ 1985లో విడుదల చేసిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ పాటను ‘స్ట్రేంజర్ థింగ్స్’ ధారావాహికలో వాడుకోవడంతో కొత్త తరం దాన్ని విపరీతంగా వినడం మొదలుపెట్టింది. పాత పాట కనుక అది సగం రేటులో ఉండి, హ్యారీ స్టైల్స్ పాట వెనక రెండో స్థానంలో ఆగింది. ఆ తరువాత అఫీషియల్ చార్ట్స్ కంపెనీ ఆ పాటను ప్రత్యేకంగా నిండు రేటుకు మార్చింది. జూన్ 17 చార్టులో అది మొదటి స్థానానికి చేరింది. విడుదలైన 37 ఏళ్లకు దక్కిన అగ్రస్థానం అది. ఆ వారాల్లో వినికిడి గ్రాఫును మాత్రమే చూసినవారు ఒక వారం ముందే ఆమె గెలుస్తుందని చెప్పి పొరపడ్డారు. నియమం మాత్రమే చదివి, మినహాయింపు రావచ్చని తలచనివారు మరుసటి వారం పొరపడ్డారు. నేను రెండో కోవలో ఉన్నాను.

కాబట్టి మీ జాబితాలో ప్రతి పేరు పక్కన ముందుగా ఆ పాట వయసును వారాల్లో రాయండి. ఎనిమిది, తొమ్మిది వారాలుగా పైన కూర్చున్న పాట జారుడు మొదలుపెడితే, దాని స్థానం ఇంకొన్ని వారాల్లో ఖాళీ కావచ్చు. అగ్రస్థానం చాలాసార్లు కొత్త పాట బలం వల్ల కాక, పాత పాట రేటు పడిపోవడం వల్ల చేతులు మారుతుంది.

ఇక వారం మధ్యలో వచ్చే సూచనల సంగతి. ఆదివారం సాయంత్రం వెలువడే తొలి జాబితా మొదటి నలభై ఎనిమిది గంటల లెక్కతో తయారవుతుంది. దీన్ని మన సినిమా భాషలో ఓపెనింగ్స్ అనుకోవచ్చు. ముందస్తు ఆర్డర్లు, సీడీలు, డౌన్‌లోడ్లతో అభిమానులు తొలి రెండు రోజుల్లోనే శక్తినంతా ఖర్చుపెట్టే పాటలు ఆదివారం ఎత్తున కనిపించి, గురువారానికి చిక్కిపోతాయి. స్ట్రీముల మీద నడిచే పాటలు రోజూ దాదాపు ఒకే పరిమాణంలో కూడబెడతాయి. వాటిది లాంగ్ రన్. 2018 నుంచి 2022 వరకు వరుసగా ఐదు క్రిస్మస్‌లకు అగ్రస్థానం గెలిచిన యూట్యూబర్ లాడ్‌బేబీ పాటలు ప్రధానంగా డౌన్‌లోడ్ల బలంతో, సేవా కార్యక్రమానికి విరాళంగా కొన్నవారి ఉత్సాహంతో గెలిచినవే. మరుసటి వారం అవి అగాధంలోకి జారాయి. అందువల్ల ఆదివారం ఆధిక్యాన్ని చూసినప్పుడు, అందులో అమ్మకాలెన్ని, స్ట్రీములెన్ని అని విడదీయకుండా ఏమీ రాయకండి.

అభ్యాసం: ఈ వారం మొదటి పది పాటలను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి చార్టులో ఎన్నో వారమో, పోయిన వారం స్థానం ఎంతో, కొత్తదైతే దానికి సీడీ లేదా వినైల్ రికార్డు విడుదల ఉందో లేదో గుర్తించండి. వాటిలో సగం రేటుకు దగ్గరపడుతున్నవాటి కింద గీత గీయండి. తరువాత శుక్రవారం రాబోయే అగ్రస్థానాన్ని ఒకే పేరుగా, తేదీతో సహా రాసి మడిచిపెట్టండి. నాలుగో పాఠం ఆ కాగితం విప్పడంతో మొదలవుతుంది.