ఇంట్లో ధ్వని, 4వ పాఠం: సౌండ్‌బారా, సరౌండా? ముందు చెవి చోటు తేల్చుకుందాం

ఈ పాఠాన్ని నేరుగా ఎంపికతోనే మొదలుపెడదామనుకున్నాను: టీవీ కింద పెట్టే ఒక్క పొడవాటి స్పీకర్, అంటే సౌండ్‌బార్ కొనాలా, చుట్టూ విడివిడిగా పెట్టే సరౌండ్ స్పీకర్లు కొనాలా అని. పోయిన పాఠం చివర గీయమన్న హాలు పటాలు చేతికి వచ్చాక అది కుదరదని అర్థమైంది. గోడ నుంచి గోడకు కొలతలు దాదాపు అందరూ సరిగానే వేశారు. టీవీ చోటు, కిటికీలు, బాల్కనీ తలుపు, కొందరైతే పూజగది గుమ్మం వెడల్పు కూడా రాశారు. తప్పు వచ్చింది ఒక్క చోటే, కానీ మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. నేను "కూర్చునే చోటు" అని రాస్తే, మీలో ఎక్కువమంది సోఫా ముందు అంచుకు టేపు పట్టారు. తప్పు నాది. "చెవులు ఉండే చోటు" అని రాయాల్సింది.

సోఫా ముందు అంచు నుంచి, వెనక్కి ఆనుకుని కూర్చున్న మనిషి చెవి దాకా సుమారు రెండడుగులు ఉంటుంది. రెండడుగులతో ఏం పోయిందనిపించవచ్చు. విజయవాడ నుంచి ఒకాయన పంపిన పటం చూడండి. హాలు పొడవు 17 అడుగులు, వెడల్పు 11 అడుగులు. పొడవు గోడకు టీవీ, ఎదురు గోడకు ఆనించి సోఫా. ఎడమ వైపు గోడ, కుడి వైపు భోజనాల బల్ల దాకా ఖాళీ. ఆయన సోఫా ముందు అంచు నుంచి లెక్కవేసి, "వెనక మూడడుగుల చోటుంది, సరౌండ్ స్పీకర్లు హాయిగా పడతాయి" అని రాశారు. నిజానికి చెవి గోడకు ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆయన "వెనక" అని చుక్క పెట్టిన స్పీకర్ చెవికి ముందుకు వచ్చింది. ముందు నుంచి వచ్చే శబ్దాన్ని సరౌండ్ అనలేం. డబ్బు పోసి కొన్నాక తేడా ఏమీ తెలియలేదని బాధపడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

కాబట్టి టేపు మళ్లీ తీయండి. ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చోండి, నిటారుగా వద్దు. ఇంకొకరిని టేపు పట్టమని చెవి నుంచి టీవీ గోడకు, రెండు పక్కల గోడలకు, వెనక గోడకు, నేలకు కొలవండి. చెవి ఎత్తు సోఫా మీద సాధారణంగా మూడు నుంచి మూడున్నర అడుగుల మధ్య వస్తుంది.

ఇప్పుడు కోణాలు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అంటే ఐటీయూ, సిఫారసు ప్రకారం ముందు స్పీకర్లు రెండూ వినేవారికి సూటి గీత నుంచి చెరో వైపు 30 డిగ్రీల్లో ఉండాలి. సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవికి పక్కన, కాస్త వెనకగా ఉండాలి. కోణమానిని అక్కర్లేదు, టేపు చాలు. చెవి నుంచి సూటిగా పక్కకు 6 అడుగులు కొలవండి. అక్కడి నుంచి వెనక్కి 2 అడుగుల 2 అంగుళాలు వెళితే 110 డిగ్రీలు. వెనక్కి ఒక్క అడుగే ఉంటే సుమారు 100. మూడున్నర అడుగులుంటే 120.

విజయవాడ హాలుకు ఇది పెట్టి చూద్దాం. సోఫా గోడకు ఆని ఉంటే వెనక అడుగే కాబట్టి 100 డిగ్రీల దగ్గర, అంచు మీద ఆగుతాం. అదే సోఫాను ఒక్క అడుగు ముందుకు జరిపితే వెనక రెండడుగులు దొరుకుతాయి, కోణం 108 అవుతుంది. పైగా గోడకు తల ఆనించి కూర్చుంటే బేస్ ఉబ్బి మోగుతుంది. అడుగు జరిగితే ఆ రొద కూడా తగ్గుతుంది. ఒక్క అడుగు జరపడానికి ఇంట్లో ఒప్పుకుంటారా లేదా అన్నది కొనబోయే పెట్టె ధర కంటే ముందు తేలాల్సిన విషయం. ఆయన ఇంట్లో ఒప్పుకున్నారట. అందుకే ఆయనకు సరౌండ్ సలహా ఇచ్చాను. ఎడమ స్పీకర్ గోడకు, కుడి స్పీకర్ స్టాండు మీద.

ముందు వైపు సంగతి కూడా ఈ కొలతతోనే తేలిపోతుంది. సోఫా జరపకముందు ఆయన చెవి నుంచి టీవీ గోడ 10 అడుగులు. 30 డిగ్రీలు కావాలంటే మధ్య నుంచి చెరో వైపు 5 అడుగుల 9 అంగుళాల్లో స్పీకర్లు ఉండాలి. 22 డిగ్రీలతో సరిపెట్టుకున్నా చెరో నాలుగు అడుగులు కావాలి. మూడున్నర అడుగుల సౌండ్‌బార్ చివరలు మధ్య నుంచి అడుగుంముప్పావు దూరంలోనే ఉంటాయి. అంటే పది డిగ్రీలు. బార్ ఎంత ఖరీదైనదైనా మామూలుగా దాని చివరలు చెరో నాలుగు అడుగులకు చేరవు. ఈ లోటును పూడ్చడానికే మంచి బార్లు శబ్దాన్ని పక్క గోడలకు కొట్టి తిప్పి పంపుతాయి. ఆ పని జరగాలంటే రెండు వైపులా గోడలుండాలి. కుడి వైపు భోజనాల బల్ల దాకా ఖాళీగా ఉన్న హాలులో ఎడమ నుంచి శబ్దం తిరిగి వస్తుంది, కుడి నుంచి రాదు. షోరూములో చుట్టూ గోడలున్న చిన్న గదిలో విని కొన్నవాళ్లు ఇంటికి వచ్చాక నిరాశపడేది ఇందుకే.

పైకప్పు నుంచి శబ్దం దింపే అట్మాస్ బార్లకూ ఇదే సూత్రం. వాటికి చదునైన, గట్టి కప్పు కావాలి. మామూలు స్లాబు అద్భుతంగా పనిచేస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో మెట్లు మెట్లుగా అంచులు, మధ్యలో గుంట, అందులో దీపాలు ఉంటే శబ్దం చెదిరిపోతుంది. పెంకుటింట్లో వాలు కప్పు కింద దాన్ని కొనకండి.

5.1, 3.1 లాంటి అంకెల్లో మొదటిది స్పీకర్ల చానెళ్ల సంఖ్య, చివరి 1 బేస్ మోగించే సబ్‌వూఫర్. 2.1 అంటే ఎడమ, కుడి; 3.1లో వాటికి మధ్య స్పీకర్ తోడవుతుంది; 5.1లో సరౌండ్ జత కూడా ఉంటుంది.

హనుమకొండ నుంచి పటం పంపిన అమ్మాయిది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టనివ్వరు, సోఫా జరిగే వీలు లేదు. రెండు పక్కలా గోడలున్నాయి, హాలు చిన్నది. పైగా ఆమె అసలు బాధ సరౌండ్ గురించి కాదు. అమ్మకు మాటలు వినబడడం లేదని వాల్యూమ్ పెంచుతారు, పాట రాగానే ఇల్లంతా దద్దరిల్లుతుంది, మళ్లీ తగ్గిస్తారు. ఈ ఇంటికి సౌండ్‌బారే సరైనది. కాకపోతే మధ్యలో మాటలకు విడిగా ఒక స్పీకర్ ఉన్న 3.1 బారే కావాలి. సినిమా 5.1లో వచ్చినప్పుడు మాటలు ఎక్కువగా మధ్య చానెల్‌లోనే ఉంటాయి. ఆ చానెల్‌ను మాత్రమే రెండు మూడు డెసిబెళ్లు పెంచుకునే వీలుంటే అమ్మకు మాట అందుతుంది, పాట మీద పడదు. 2.1 బారుల్లో చాలావాటికి ఆ వీలు ఉండదు. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య మాట కలిసిపోయి ఉంటుంది. ఆమెకు చెప్పింది ఒక్కటే: పెట్టె మీద ఎన్ని అంకెలున్నా చూడకండి, మధ్య స్పీకర్ విడిగా ఉందా అని మాత్రం అడగండి.

"వెనక స్పీకర్లు వైర్‌లెస్ కదా, తీగ బాధ లేదు" అనుకునేవారికి ఒక మాట. తీగ లేకపోయేది శబ్దానికే. ఆ స్పీకర్లలో ఎక్కువ వాటికి కరెంటు తీగ కావాలి. సోఫా వెనక గోడకు ప్లగ్గు పాయింటు ఉందో లేదో చూసుకోండి. మన ఇళ్లలో చాలావాటికి ఉండదు.

ఇక అసలు చిరాకు దగ్గరికి వస్తాను. పంపిన పటాల కింద దాదాపు ప్రతి ఒక్కరూ ఒకే ప్రశ్న రాశారు: "600 వాట్ల బారు కంటే 80 వాట్ల రిసీవర్ తక్కువ కదా?" కాదు. రిసీవర్ అంటే విడి స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె. ఈ వాట్ల సంగతి అర్థం కాకపోతే మిగతా పాఠాలన్నీ వృథా, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

వాటు శబ్దానికి కొలత కాదు. స్పీకర్‌కు ఆంప్లిఫయర్ ఎంత విద్యుత్తు అందించగలదో చెప్పే కొలత. పెద్ద మోటారు బిగించినంత మాత్రాన బోరులో లేని నీళ్లు రావు. అలాగే స్పీకర్ తీసుకునే వాటును ఎంత శబ్దంగా మారుస్తుందన్నది వేరే సంగతి. దాన్ని సెన్సిటివిటీ అంటారు. మామూలు మంచి స్పీకర్‌కు అది 88 డెసిబెళ్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెళ్లు. మూడు మీటర్ల దూరంలో సోఫాలో కూర్చున్న మీకు అది 80 దగ్గర వినబడుతుంది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే శబ్దం 60 దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క వాటుతో వచ్చేది అంతకంటే ఎంతో ఎక్కువ, ఇది గమనించండి.

వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. ఒకటి నుంచి రెండుకు 3, రెండు నుంచి నాలుగుకు 3, అరవై నాలుగు నుంచి నూట ఇరవై ఎనిమిదికి కూడా అదే 3. చెవికి రెట్టింపు శబ్దంగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. 300 వాట్ల బారు బదులు 600 వాట్లది కొంటే, ఆ అంకెలు రెండూ నిజమే అయినా, మీకు దక్కేది జాగ్రత్తగా వింటే తెలిసేంత తేడా. బాంబు పేలే దృశ్యంలో క్షణంపాటు ఎక్కువ వాట్లు అవసరమే. అందుకే 80 వాట్ల రిసీవర్ ఉన్నది.

ఆ అంకెలు నిజమా అన్నది ఇంకో ప్రశ్న. 1990ల్లో టేప్‌రికార్డర్ల మీద అంటించిన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్ల) అంకెలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అరచేతి వెడల్పు స్పీకర్లకు వేల వాట్లు. ఇప్పుడు ఆ పేరు తగ్గింది కానీ అలవాటు పోలేదు. బారు పెట్టె మీది 600లో సబ్‌వూఫర్‌ది, ముందు స్పీకర్లది, వెనక స్పీకర్లది అన్నీ కూడిన మొత్తం ఉంటుంది. అది తరచూ 10 శాతం వక్రీకరణ దగ్గర, ఒక్క 1 కిలోహెర్ట్జ్ స్వరంతో కొలిచింది. 10 శాతం వక్రీకరణ అంటే గొంతు బొంగురుపోయి వినబడే స్థితి, ఆ స్థితిలో మనం ఎప్పుడూ వినం. నిజాయతీగా రాసిన రిసీవర్ కాగితం మీద ఇలా ఉంటుంది: ఒక్కో చానెల్‌కు 80 వాట్లు, 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం వక్రీకరణ, రెండు చానెళ్లు నడుస్తుండగా. ఇలాంటి అతిశయాల బెడద ఎంత పాతదంటే, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయర్ వాట్లను ఎలా ప్రకటించాలో నిబంధన తెచ్చింది.

నేను చేసే చిన్న పరీక్ష ఒకటుంది. బారు వెనక చీటీ మీద "విద్యుత్ వినియోగం" అంకె చూస్తాను. 600 వాట్లని అమ్మే పెట్టె వెనక ఒక్కోసారి 50, 60 మాత్రమే ఉంటుంది. ఆ అంకె మామూలు వాడకానిది, గరిష్ఠానిది కాదు, కాబట్టి దాన్నిబట్టి మోసమని తీర్పు చెప్పకూడదు. కానీ ముందు వైపు అంకెకు ఎంత విలువ ఇవ్వాలో అది గుర్తు చేస్తుంది.

ఇప్పుడు నా ఇష్టం చెబుతాను, ఇది నియమం కాదు. ఒకే ధరకు చవక 5.1, మంచి 3.1 దొరికితే నేను 3.1 రిసీవర్ వైపే వెళతాను. ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కొనండి. సరౌండ్ జత వచ్చే ఏడాది కలుపుకోవచ్చు, రిసీవర్‌లో ఆ చోటు ముందే ఉంటుంది. బారులో ఏదైనా పాడైతే చాలాసార్లు మొత్తం మార్చాల్సి వస్తుంది. రిసీవర్ వ్యవస్థలో పాడైన ముక్క ఒక్కటే మారుతుంది. ఇంకొకటి: ఘంటసాల కాలం నాటి మోనో పాటలు వినేటప్పుడు బారులోని సరౌండ్ బటన్ ఆపేయండి. ఒకే చోటు నుంచి రావాల్సిన గొంతును అది నాలుగు దిక్కులా పరచి పలచన చేస్తుంది. ఆ గొంతు సూటిగా ముందు నుంచి వచ్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు రిసీవర్ పంపుతామంటే, వెనక చీటీ ఫొటో అడగండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోయే ప్రమాదం ఉంది. 100 నుంచి 240 వరకు అని ఉంటేనే నిశ్చింత.

అభ్యాసం. ఈసారి వారం రోజుల పని. ఏడు రాత్రులు ఒక కాగితం మీద రాయండి: ఏం చూశారు, ఎవరెవరు చూశారు, మాట అందక ఎన్నిసార్లు రిమోటు పట్టారు. వార్తలు, సీరియళ్లే ఎక్కువగా ఉండి రిమోటు పదేపదే కదిలితే జవాబు 3.1 బారు. సినిమాలు వారానికి రెండైనా ఉండి, వెనక చోటు దొరికితే సరౌండ్. ఆదివారం రోజు చెవి కొలతలతో పటం మళ్లీ గీయండి. తర్వాత 110 డిగ్రీల చోట రెండు స్టూళ్లు వేసి, చెవి ఎత్తుకు వచ్చేలా వాటి మీద పుస్తకాలు పేర్చి, చెరో ఫోను పెట్టి రెండింటిలో వాన శబ్దం మోగించండి. ఇంట్లో అందరినీ ఒక్కొక్కరిగా వాళ్ల చోట్లో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని వాన ఎటు కురుస్తోందో వేలితో చూపించమనండి. ఎవరు ఎటు చూపారో పటం మీద వాళ్ల పేరు పక్కనే బాణం గీయండి. సబ్‌వూఫర్‌కు మాత్రం చోటు గుర్తించకండి. దానికి వచ్చే పాఠంలో హాలంతా మోకాళ్ల మీద తిరగాల్సి ఉంటుంది.