వరద ఎత్తు గోడ మీద చూపెట్టమనండి
2009 అక్టోబరు వరద గురించి అలంపూర్, రాజోలి దిక్కు సర్వేకు పోయేవాళ్ల కోసం ఇది. "ఎన్ని అడుగుల నీళ్లొచ్చినయ్?" అంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు. దాని బదులు "పెద్దమ్మా, నీళ్లు ఏడిదాంక వచ్చినయో ఈ గోడ మీద చూపెట్టు" అనండి. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, నేల నుంచి టేపుతో కొలిచి, టేపు కనిపించేటట్టు ఫోటో తీయండి. గీత తుడిచినాకనే రెండో మనిషిని పిలవాలి, ఇది మాత్రం మరవొద్దు. ముగ్గురిని విడివిడిగా అడిగి మధ్య అంకె రాసుకోండి. అడుగు కంటే ఎక్కువ తేడా వస్తే ఆ గోడ వదిలేయడమే మేలు.

వరద తర్వాత కట్టిన ఇంటికాడ, సీసీ రోడ్డేసి నేల ఎత్తు పెరిగినకాడ ఈ కొలత తప్పుతుంది. అట్లాంటి చోట మార్పులు జరగని పాత గుడి మెట్లో, బడి అరుగో చూసుకోండి.