‘ఘర్షణ’ కన్నా ముందు ‘పట్టు’

రెండు వస్తువులు ఒకదాని మీద ఒకటి జారబోతే అడ్డుపడే బలం ఘర్షణ. రెండో తరగతి పిల్లలకు మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు బోర్డు మీద ‘ఘర్షణ’ అని రాసి, అంటే ఏంటో తెలుసా అని అడిగాను. వెనక వరసలోంచి ఒకడు లేచి, "టీవీలో చూశాను టీచర్, రెండు పార్టీల వాళ్ళు కొట్టుకోవడం" అన్నాడు. వాడి తప్పేం లేదు, మన ఇళ్ళలో ఆ మాట వినపడేది వార్తల్లోనే. అప్పట్నుంచి ఆ మాట ఆఖరికి గానీ బయటికి తీయను. ముందు చేతికి తెలియాలి.

సబ్బుతో మొదలుపెట్టండి. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి చాలు, గాజుది వద్దు. పొడి చేత్తో తీయమంటే తీసేస్తారు. మళ్ళీ బిగించి, ఈసారి చేతులకు నురగ పట్టించి తీయమనండి. వేళ్ళు జారిపోతాయి. అదే చేత్తో తువ్వాలు వేసి తిప్పితే మూత వచ్చేస్తుంది. ఒక పాప తిప్పీ తిప్పీ విసిగిపోయి, "మూత పట్టు దొరకట్లేదు టీచర్" అంది. పట్టు! నాకు కావలసిన మాట అదే. ఇక రోజంతా ఏది దేన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఏది వదిలేస్తుంది అన్నదే మా ఆట.

తర్వాత పరీక్ష అట్ట. దాని మీద ఒక చివర రూపాయి బిళ్ళ, పక్కనే చెరిపే రబ్బరు పెట్టి, ఆ చివరను మెల్లగా పైకి లేపాలి. మా అట్ట మీద బెత్తెడు ఎత్తుకే బిళ్ళ జారిపోతుంది, రబ్బరు మాత్రం దాదాపు జానెడు లేచేదాకా కదలదు. మీ అట్టకు లెక్క మారొచ్చు. ఎత్తు పిల్లలే కొలవాలి, వాళ్ళ వేళ్ళతోనే. అట్టకు తువ్వాలు చుట్టి మళ్ళీ చూడండి, బిళ్ళ కూడా మొండికేస్తుంది.

ఇక్కడ తొందరపడకండి, అసలు సంగతి ఇప్పుడే వస్తుంది. రెండు అగ్గిపెట్టెల్లో పుల్లలు తీసేసి, ఒకటి ఖాళీగా ఉంచి, రెండోదాన్ని చిన్న రాళ్ళతో నింపండి. ఏది ముందు జారుతుందో అడిగితే, బరువైనదే అని క్లాసంతా అరుస్తుంది. అట్ట లేపితే రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు దగ్గర జారతాయి. నమ్మరు, మళ్ళీ మళ్ళీ చేస్తారు. చెయ్యనివ్వండి. బరువు పెరిగితే కిందికి లాగేదీ పెరుగుతుంది, అట్టను పట్టుకునేదీ అంతే పెరుగుతుంది. ఇది పిల్లలకు ఇప్పుడే విప్పి చెప్పక్కర్లేదు, చూసింది గుర్తుంటే చాలు.

నేల మీద లాగేటప్పుడు మాత్రం బరువు తేడా తెలుస్తుంది. పెన్సిల్ డబ్బాకు రబ్బరు బ్యాండు కట్టి లాగిస్తాను. బ్యాండు ఎంత సాగితే పట్టు అంత గట్టిది. డబ్బాలో గోళీలు నింపితే ఇంకా సాగుతుంది. కదలబోయే ముందు బాగా సాగి, కదిలాక కాస్త తగ్గుతుంది, అది కూడా చూపించండి. ఇప్పుడు డబ్బా కింద నాలుగు పెన్సిళ్ళు అడ్డంగా పరిచి లాగమనండి. బ్యాండు సాగీ సాగకుండానే డబ్బా దొర్లుకుంటూ వచ్చేస్తుంది. పెన్సిళ్ళు గుండ్రటివే కావాలి, పలకలవి ఆగిపోతాయి. తాటికాయల బండి తోసిన పిల్లలున్న ఊళ్ళో చక్రం గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు.

జారడం మంచిది, పట్టు చెడ్డది అనుకుంటారేమో చూసుకోండి. నేల మీద పట్టు లేకపోతే నడవలేం కదా. అందుకే చివర్లో చెప్పులు తిరగేయిస్తాను. చెప్పు అడుగు మీద కాగితం పరిచి పైనుంచి పెన్సిల్‌తో రుద్దితే గీతలన్నీ అచ్చు పడతాయి, అరిగిన చోట మాత్రం పడవు. మడమ దగ్గరా బొటనవేలి కిందా ఎందుకు అరిగిందని అడిగితే, లేచి నడిచి చూసుకుని మరీ చెబుతారు. ఆ కాగితం అంచున, అప్పుడు, ‘ఘర్షణ’ అని రాయిస్తాను.