పంట పోయినా బీమా పడలేదా? ముందు ఇవి చూడండి

నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరినీ మొదట అడిగేది ఒకటే: ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) మీ సర్వే నంబరు ఎదురుగా ఏ పంట ఉంది, ప్రీమియం రసీదులో ఏముంది? అందులో మినుము, ఇందులో వరి ఉంటే ఇక కింద చదవక్కర్లేదు, ముందు అది తేల్చుకోండి. ఇది చూడకుండానే కంపెనీని తిట్టేవాళ్లే ఎక్కువ.

సమస్య: నా ఒక్క మడే పోయింది, పైసా రాలేదు.
ఫసల్ బీమాలో (కేంద్రం పంటల బీమా పథకం) వరికి లెక్క ఊరి సగటు దిగుబడితో, మీ మడితో కాదు. ఒక్కొక్కరి మడి చూసి ఇస్తే, ఎలాగూ డబ్బొస్తుందిలే అని దోమపోటుకు మందు కొట్టడం మానేసేవాళ్లు బయల్దేరతారు. మోరల్ హజార్డ్ అనేది దీన్నే. వడగళ్లు అయితే మాత్రం మీ పొలమే చూస్తారు, 72 గంటల్లో హెల్ప్‌లైన్ 14447కి చెప్పాలి. కోసి ఆరబెట్టిన పనలు వానకు తడిసినా అంతే, కాకపోతే కోసిన 14 రోజుల లోపే.

సమస్య: ఊరంతా పోయింది, అయినా సున్నా.
ఇక్కడే నాకు చెయ్యి కాలింది. ఊరి సగటు తేల్చే పంట కోత ప్రయోగం రోజున, లాటరీలో వచ్చిన పొలంలో కోసి తూచే 5 మీటర్ల గడిని తాలు ఎక్కువున్న మూలకి జరపమని మావాళ్లు బతిమాలారు, జరిగింది, డబ్బూ పడింది. నేనూ అక్కడే గట్టు మీద టీ తాగుతూ నవ్వుకున్నా. నాలుగేళ్లు అదే తంతు. ఐదో ఏడు కాలవ శివారుకి నీళ్లు నిజంగానే రాలేదు, ఎకరానికి 12 బస్తాలు, బీమా రాలేదు.

ఎందుకంటే హామీ దిగుబడి (ఊరి దిగుబడి దీనికంటే తగ్గితేనే బీమా) గత ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు మీద కడతారు. సగటు 20 బస్తాలు ఉండి 80 శాతం హామీ అయితే 16, పండింది 12 కాబట్టి పావు వంతు నష్టం, అంటే బీమా మొత్తం 40,000 అయితే 10,000 వచ్చేది. మావాళ్లు నాలుగేళ్లు తక్కువ రాయించారు కదా, అందులో రెండేళ్లు లెక్కలోంచి పోయినా మిగతా రెండూ (7, 8 బస్తాలు) సగటుని 15కి లాగేశాయి. దాని మీద 80 శాతం, సరిగ్గా 12. ఇంకెక్కడి నష్టం?

దీనికి వెంటనే మందు లేదు, ఆ ఏళ్లు ఏడేళ్ల లెక్క దాటిపోవాలి. ఈలోపు సీజన్ నోటిఫికేషన్‌లో మీ ఊరి హామీ దిగుబడి చూసుకోండి, కోత రోజున వెళ్లి నిలబడండి, గడిని ఏ మూలకీ జరపనివ్వకండి, తూకం ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఖాతాకి ఆధార్ లింకు లేకపోవడం, పేరులో అక్షరం తేడా, ఇవీ ఉంటాయి గానీ తక్కువే. పాసుబుక్కు పట్టుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి.