శ్రీకాకుళం పెరట్లో సౌర తుపానును కొలవడం: ఇక్కడి నేలకు సరిపడే అయస్కాంత మీటరు

సౌర తుపాను వచ్చిన రాత్రి శ్రీకాకుళం, విజయనగరం మీద ఆకాశం ఎప్పటిలాగే ఉంటుంది. ధ్రువాల దగ్గరి దేశాల్లోలా రంగులు కనిపించవు. మార్పు జరిగేది నేల దగ్గరి అయస్కాంత క్షేత్రంలో. అది గంటల తరబడి తగ్గి, రోజుల తరబడి మెల్లగా కోలుకుంటుంది. దాన్ని పెరట్లోనే కొలవొచ్చు.

ముందు ఏది కొలవాలో తేల్చుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే పద్ధతుల్లో చాలావరకు గాజు సీసాలో దారంతో అయస్కాంతాన్ని వేలాడదీసి, దానికి అద్దం ముక్క అంటించి, లేజర్ చుక్క ఎంత జరిగిందో చూడమంటాయి. నార్వే, స్కాట్లండ్ లాంటి చోట్ల అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ తుపాను ముల్లును తూర్పు పడమరలకు ఊపుతుంది. మన దగ్గర తుపాను ముల్లు దిక్కును పెద్దగా మార్చదు, ముల్లును ఉత్తరానికి లాగే బలాన్ని తగ్గిస్తుంది. ఇక్కడ ఆ బలం సుమారు 40,000 నానోటెస్లా (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం). అందులో 100 తగ్గినా ముల్లు అదే దిక్కు చూస్తుంది. అంటే పెద్ద తుపాను వచ్చి వెళ్లినా సీసాలోని చుక్క కదలకపోవచ్చు.

రెండో అయస్కాంతం పెట్టి ముల్లును తూర్పుకు తిప్పి ఉంచితే బలంలో మార్పు తెలుస్తుంది కదా అనిపిస్తుంది. సిద్ధాంతం సరైనదే, కానీ మన ఎండకు నిలవదు. మామూలు ఫెర్రైట్ అయస్కాంతం ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 0.2 శాతం బలం కోల్పోతుంది. 40,000లో 0.2 శాతం అంటే 80. చిన్నపాటి తుపానంత తేడా పొద్దున్నే వచ్చేస్తుంది. ఫోన్‌లోని దిక్సూచి సెన్సర్‌కూ ఇంత సన్నటి మార్పు అందదు. కాబట్టి ఉత్తర దిశ బలాన్ని నేరుగా కొలిచే ఎలక్ట్రానిక్ సెన్సర్ కావాలి.

బలం తగ్గడానికి కారణం తెలిస్తే గ్రాఫు చదవడం తేలిక. సూర్యుడి నుంచి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌర పవనాన్ని, అంటే విద్యుదావేశ కణాల ప్రవాహాన్ని, భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి వైపు భూవ్యాసార్ధానికి పది రెట్ల దూరంలో ఆపుతుంది. సూర్యుడి నుంచి విసిరిన పెద్ద మేఘం తగిలినప్పుడు ఆ గోడ లోపలికి నొక్కుకుపోతుంది, నేల మీద బలం కాసేపు పెరుగుతుంది. ఆ మేఘం తెచ్చిన అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే మన క్షేత్రంతో కలిసి తెగి అతుక్కుంటుంది, లోపలికి శక్తి చొరబడుతుంది. అప్పుడు భూమి చుట్టూ పడమటి దిశగా తిరిగే వలయ విద్యుత్ ప్రవాహం బలపడి, ఉత్తరానికి లాగే బలానికి ఎదురు నిలుస్తుంది. ఉత్తరానికి తిరిగి ఉంటే ఎంత వేగంగా వచ్చినా పెద్దగా ఏమీ జరగదు.

కావాల్సినవి: ఆర్‌ఎం3100 సెన్సర్ బోర్డు (మూడు అక్షాల్లో అయస్కాంత బలాన్ని కొలిచేది), ఈఎస్‌పీ32 బోర్డు (ఆ అంకెలను చదివి రాసుకునే చిన్న కంప్యూటరు), 5 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు (డేటా, క్లాక్ తీగలను ఒక్కోటి 3.3 వోల్టులకు కలపడానికి), 4 అంగుళాల పీవీసీ పైపు అర మీటరు, రెండు మూతలు, సాల్వెంట్ సిమెంటు, సిలికా జెల్, ఇత్తడి స్క్రూలు. ఒక్క ఇనుప స్క్రూ కూడా సెన్సర్ దగ్గర ఉండకూడదు.

సెన్సర్ పైపులో, ఈఎస్‌పీ32 ఆ 5 మీటర్ల అవతల ఉండాలి. అంత దూరానికి ఐ-స్క్వేర్డ్-సీ (సెన్సర్, బోర్డు మాట్లాడుకునే పద్ధతి) సంకేతాలు తడబడతాయి కాబట్టి వేగాన్ని 10 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. డేటా తీగను గ్రౌండ్‌తో, క్లాక్ తీగను 3.3 వోల్టుల తీగతో జతగా మెలిపెట్టిన జంటల్లో పెట్టాలి. డేటా, క్లాక్ ఒకే జంటలో పడితే ఒకదాని సంకేతం ఇంకోదానిలోకి చేరి అంకెలు పిచ్చిగా వస్తాయి.

సైకిల్ కౌంట్ (ఒక్కో రీడింగుకు సెన్సర్ ఎన్ని ఊపులు లెక్కించాలో చెప్పే సెట్టింగు) 200 పెడితే ఒక మైక్రోటెస్లాకు 75 అంకెలు, అంటే ఒక్కో అంకె 13 నానోటెస్లా. ఒక్క రీడింగును నమ్మకూడదు, అందులో 15 నానోటెస్లా దాకా గోల (నాయిస్) ఉంటుంది. సెకనుకొకటి తీసి 60 రీడింగుల సగటు కడితే గోల రెండుకు దిగుతుంది. నిమిషానికి ఒక్క అంకె రాసుకుంటే చాలు, తుపానుకు అంతకన్నా తొందర లేదు.

పాతిపెట్టే ముందు సెన్సర్ నిజం చెబుతోందో లేదో చూడాలి. బుట్టలల్లేవారి దగ్గర మీటరు వ్యాసం ఉన్న వెదురు చక్రం చేయించుకోండి. సైకిల్ టైరు వాడొద్దు, అంచులో ఉక్కు తీగ ఉంటుంది. చక్రానికి సన్నటి రాగి తీగ 10 చుట్లు చుట్టి, దాని ముఖం ఉత్తరానికి చూసేలా నిలబెట్టి, సరిగ్గా మధ్యలో సెన్సర్ ఉంచండి. 9 వోల్టుల బ్యాటరీకి 1.1 కిలో ఓమ్ రెసిస్టర్ కలిపి 8 మిల్లీయాంపులు పంపితే మధ్యలో 100 నానోటెస్లా పుడుతుంది. బ్యాటరీ డొక్కు కూడా ఉక్కే, దాన్ని మూడు మీటర్ల అవతల పెట్టి మెలితిప్పిన తీగలతో కలపండి. కరెంటు వేసి తీసినప్పుడల్లా గ్రాఫు 100 మెట్టు ఎక్కి దిగాలి. దిగి ఎక్కితే తీగలు తారుమారయ్యాయి. 200 చూపిస్తే సైకిల్ కౌంట్ 400కు పెంచి, అంకెలను నానోటెస్లాలోకి మార్చే గుణకాన్ని పాతదే ఉంచేశారన్నమాట.

ఇక చోటు. మొత్తం పనిలో ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. శ్లాబు ఇంటిలో ఊచలుంటాయి, ఇంటికి దూరం జరగండి. మోటారు సైకిలుకు 10 మీటర్లు, కారుకు, ఆటోకు 20, ట్రాక్టరుకు, లారీకి 40 మీటర్లు వదలాలి. దూరం రెట్టింపైతే ఇనుము ప్రభావం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అందుకే నాలుగడుగులు వెనక్కి జరిగినా ఎంతో లాభం. పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా పోయే రైలు మార్గానికి కనీసం అర కిలోమీటరు ఎడం ఉంచండి. ముంబై కొలాబాలోని అయస్కాంత పరిశీలనశాలనే 1904లో అలీబాగ్‌కు తరలించారు, ఊళ్లోకి కరెంటు ట్రాములు రాబోతున్నాయని. 1859 సెప్టెంబరు మహా తుపానులో బలం సుమారు 1,600 నానోటెస్లా పడిపోయిందని నమోదైంది ఆ కొలాబాలోనే.

జీడితోట మధ్య మంచి చోటు. ఎర్రమట్టిలో ఇనుము ఉన్నా ఫర్వాలేదు, అది కదలదు కనుక అంకె మొత్తంగా కాస్త పైకో కిందికో జరుగుతుంది, అంతే. కదిలే ఇనుముతోనే చిక్కు: గొయ్యి పక్కన మరిచిపోయిన గునపం, గట్టున కట్టిన ఆవు గొలుసు, బోరు మోటారు.

ముప్పావు మీటరు లోతు తవ్వి, అడుగున ఇసుక పరిచి, పైపును అడ్డంగా పడుకోబెట్టండి. పైపును మెల్లగా తిప్పుతూ తూర్పు అక్షం అంకె సున్నాకు దగ్గరయ్యేలా చూస్తే మిగతాది ఉత్తరానికి సర్దుకుంటుంది. మట్టి కప్పి నీళ్లు పోసి బాగా అణచాలి. నేలలోకి నిలువుగా దిగే బలం ఇక్కడ సుమారు 18,000. అర మీటరు పైపులో ఒక కొస ఒక్క మిల్లీమీటరు కుంగితే ఆ నిలువు బలం ఉత్తర అంకెలోకి సుమారు 36 నానోటెస్లా జారుతుంది. తొలి వానలకు గ్రాఫు రోజుల తరబడి ఒకే వైపు జారితే కారణం అదే. మూతల దగ్గర రెండు పూతలు సాల్వెంట్ సిమెంటు, కేబుల్ రంధ్రం దగ్గర ఎపాక్సీ తప్పనిసరి. అరసవల్లి స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకే మార్చి, అక్టోబరు నెలలే సౌర తుపానులకూ అనువైన కాలం, రెండూ విషువత్తుల (పగలు, రాత్రి సమానమయ్యే రోజుల) చుట్టూ ఉండేవే. గాలివాన తుపాను తిత్లీ ఈ తీరం దాటింది కూడా 2018 అక్టోబరు 11న. ముసురు వేళ నీరు చొరబడితే మంచి డేటా వచ్చే రోజుల్లోనే మీటరు మూగపోతుంది.

మొదటి వారం తుపాను కోసం చూడకండి, మధ్యాహ్నం కోసం చూడండి. ప్రశాంతమైన రోజున ఉత్తర బలం పొద్దున్నుంచి పెరిగి, మిట్టమధ్యాహ్నం ప్రాంతంలో కొన్ని పదుల నానోటెస్లా ఎత్తుకు చేరి, సాయంత్రానికి దిగాలి. ఎండకు పై వాతావరణంలో పుట్టే విద్యుత్ ప్రవాహాల పని ఇది. ఈ దిబ్బ రోజూ కనిపిస్తే మీటరు బాగున్నట్టు. గంటల తరబడి ఆలస్యంగా వస్తుంటే అది నేల వేడి తాలూకు జారుడు కావచ్చు, ఇంకా లోతుగా పాతాలి.

తుపాను గుర్తులు వేరు. కొన్ని నిమిషాల్లో పది నుంచి అరవై దాకా నిటారుగా ఎక్కి అక్కడే నిలుస్తుంది. ఆ తర్వాత గంటల్లో 50, 100, ఇంకా కిందికి దిగుతుంది. 2024 మే 10, 11 తేదీల్లో ప్రపంచ సగటే 400 దాటి పడింది. క్షణాల్లో మూడు అక్షాలూ ఎగిరి మళ్లీ పాత అంకెకు వస్తే అది ట్రాక్టరు.

భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న ఉపగ్రహాలు సౌర పవనపు వేగాన్ని, క్షేత్రం దిశను కొలుస్తుంటాయి. 2024 జనవరి 6న మన ఆదిత్య-ఎల్1 చేరింది కూడా అక్కడికే. సెకనుకు 400 కిలోమీటర్ల గాలి అక్కడి నుంచి మనల్ని చేరడానికి గంట, 800 అయితే అరగంట. దక్షిణ దిశ క్షేత్రం 10 నానోటెస్లా మించి మూడు గంటలు నిలిస్తే పెద్ద తుపానుకు సిద్ధపడవచ్చు. మీ అంకెలను క్యోటో ప్రపంచ డేటా కేంద్రం ఇచ్చే గంటవారీ సూచీతో (డీఎస్‌టీ, పైన చెప్పిన ప్రపంచ సగటు ఇదే) పోల్చేటప్పుడు మన గడియారం నుంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయండి, రోజువారీ మధ్యాహ్నపు దిబ్బను కూడా తీసేశాకే పోల్చండి.